బోల్టు విమానమెక్కిన సంగతి

చిట్కుల్,
16 నవంబరు 2025, ఆదివారం.

సాదుల్లా భాయ్‌కి లింగం సలాములు. నీ మోకాళ్ళ నొప్పి, నా మీద కోపం, రెండిట్ల ఒక్కటన్న తగ్గిందని అనుకుంట రాస్తున్న. ఇక్కడ నేను, నర్సింహమ్మ మంచిగనే ఉన్నం.

ముందుగాల ఒక ముఖ్య ప్రకటన. కూసుంటె లేచి నిలబడి చదువు.

సకల జనులకు తెలియజేయడమైనది. మన డబ్బాల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గత తొమ్మిదేళ్లుగా విశేష సేవలందించిన శ్రీ బోల్టు గారు, వృత్తి పిల్లి, ఈ నెల పదవ తేదీ సాయంత్రం ఇస్నాపూర్ అంగడిలో కూరగాయల ఆగమ్మ గారి కాంటాపై సంచీతో సహా ఆసీనులు కాగా, వారి బరువు ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములుగా తేలినది. ప్రకటన సమాప్తం.

ఇగ కూసో.

ఆగమ్మ మస్తు తిట్టింది. కడుపు కాలి పిల్లిని గూడ అమ్ముకుంటున్నవా, టమాటలు జోకే కాంట మీద దీన్ని పెడ్తవా, థూ అన్నది. నేను చెప్పిన, అక్కా ఇది రేపు విమానం ఎక్కుతది, అందుకే జోకుతున్న అని. ఆమె పక్కనున్న చిక్కుడుకాయలామెకు చెప్పింది, ఈని మాట ఇనకు, ఈడు పోయిన నెల నా కొడుకుకు టీవీల నౌకరి వచ్చిందని చెప్పిండు అని.

కాని భాయ్, ఇది నిజం. నీ బిడ్డ మదీహా దసరా పోయినంక నాకు ఫోన్ చేసింది. అబ్బా ఈడికి, అహ్మదాబాద్‌కు వచ్చినంక ఎవ్వరితోని మాట్లాడుతలేడు చాచా, గోడ దిక్కు మొకం పెట్టి పండుకుంటడు, అడిగితె ఒక్కటే అడుగుతడు, క్యాంటీన్ల పిల్లికి ఎవరు పెడ్తున్నరు అని. గా మాట చెప్పుకుంట ఏడ్సింది. నేను గూడ చెప్పిన, ఆ క్యాంటీన్ ఇప్పుడు లేదమ్మా అని. దానికి తాళమేసిండ్రు భాయ్. అన్నం డబ్బాలల్ల వ్యాన్ల వస్తది. బోల్టు దినాం పొద్దుగాల పోయి ఆ తాళం కింద మెట్టు మీద కూసుంటది. నర్సింహమ్మ సంకనేసుకొని ఇంటికి తెస్తది, తెల్లారితె మళ్ళ అదే మెట్టు.

మదీహానే టికెట్లు చేయించింది. రైల్ల అహ్మదాబాద్ దాకా ఒక దినం, ఒక రాత్రి. ముసలి పానం, తట్టుకోదు. విమానంల అయితె మనుషుల పక్కనే, ముందు సీటు కింద సంచిల పెట్టుకోవచ్చునట. సంచితోని కలిపి ఏడు కిలోలు దాటొద్దు, గంతే. అబ్బాకు చెప్పొద్దు చాచా, దర్వాజ తీసి ఆయననే చూడాలె అన్నది. సరే అన్న.

ఇగ గిది కాయితం మీద ఎందుకు రాస్తున్న అంటవ్. నువ్వు నా నంబర్ బంద్ చేసి రెండేండ్లాయె. ఇంకోటి గూడ ఉన్నది. యాదికున్నదా, నేను ఏం చెప్పినా నువ్వు ఓవర్‌టైం చిట్టి చింపి నా ముందల పెట్టేటోనివి. లింగా, నీ నోటి మాట నాకొద్దు, రాసి సంతకం పెట్టు అనేటోనివి. అబద్ధమైతె నేను పెన్ను కింద పెట్టేది, నిజమైతె సంతకం చేసేది. ఇరవై రెండేండ్లల సంతకం పెట్టి నీకు ఒక్క అబద్ధం చెప్పలే. ఆరో తరగతి దాటనోనికి నా పేరు సక్కగ రాసుడు నేర్పించింది నువ్వే, అది ఎట్ల పాడు చేస్త.

ముందుగాల డాక్టర్ కాయితం ముచ్చట. పిల్లి ఎగరనీకె పనికొస్తదని డాక్టర్ సాబ్ రాసియ్యాలె. పోతె ఆయన బర్రెల ఫారం తీసిండు. కొమ్ములు అన్న కాడ లేవు అని రాసిండు. పాలు పూటకు ఎన్ని అన్న కాడ కలం పట్టుకొని నా దిక్కు చూసిండు. ఇయ్యదు సార్, తాగుతది అన్న. యజమాని పేరు అన్న కాడ మదీహా చెప్పినట్టు నీ పేరే రాయించిన.

పదకొండు మంగళవారం. తెల్లారంగనే ఇస్నాపూర్ చౌరస్త కాడ కారెక్కి, పటాన్‌చెరు దాటి, రింగ్ రోడ్డు మీదికెల్లి ఎయిర్‌పోర్ట్‌కు పోయినం. బోల్టు సంచి జాలికి ముక్కు పెట్టి, మన దిక్కు పొగ గొట్టాలు పోయేదాక చూసింది. నేను ఇస్త్రీ అంగీ తొడుక్కున్న. అద్దాల తలుపులు వాటంతటవే తెర్సుకుంటుంటె రెండుసార్లు సలాం కొట్టిన, ఎవరో తెరుస్తున్నరనుకొని.

లైన్ల నా ముందల ఒకామె. ఆమె తాన తెల్ల పిల్లి, మెత్త లెక్క, మెడల ముత్యాల పట్టి. ఎనక ఒకాయన చేతిల ఎలుకంత కుక్క, దానికి స్వెట్టర్. నడుమ నేను, మన బోల్టు. మట్టి రంగు, నిక్కిన చెవులు, తోకకు నల్ల చారలు, చిరిగిన ఒక చెవి. కౌంటర్ల మహిత అని పేరు బిళ్ళ పెట్టుకున్న పిల్ల ఉన్నది. మంచిగ నవ్వింది, కాంట మీద పెట్టుమన్నది. ఆరు ఎనిమిది వందలు, ఆగమ్మ కాంట అబద్ధమాడలే. గప్పుడు ఆమె అడిగింది, అంకుల్ ఇది ఏ జాతి అని.

భాయ్, ఆ ముత్యాల పిల్లి ముందల క్యాంటీన్ పిల్లి అని చెప్ప బుద్ధి కాలే. నా నాల్క నీకు తెలుసు. అడివి పిల్లి మేడం అన్న. పటాన్‌చెరు పరిశోధన చేన్ల ఎనకాల మా దోస్తు వల పెట్టి పట్టిండు, మొత్తం కోడిని ఈకలతోని మింగుతది అన్న. ఆమె నవ్వుతదనుకున్న.

ఆ పిల్ల మిషన్ మీదికెల్లి చేతులు తీసేసింది.

నాకు దిమ్మ తిరిగిపోయింది భాయ్. యాభై ఏండ్లకు వచ్చిన. పెండ్లాం నమ్మదు, సూపర్వైజర్ నమ్మడు, జ్వరమొచ్చిందంటె నా పక్కింటోడు నమ్మడు. ఫ్యాక్టరీల బాయిలర్ కాడ పొగ వస్తుందని నేను ఉరికొచ్చి చెప్తె, నువ్వు తప్ప ఒక్కడు లేవలే, యాదికున్నదా. గా పిల్ల మొదటి మాటకే నమ్మింది! వాళ్ళ సార్‌ను పిలిచింది. ఆయన నమ్మిండు. తుపాకి భుజానికేసుకున్న జవాన్ వచ్చిండు, కరుస్తదా అని హిందీల అడిగి, మన బోల్టును చూసి రెండడుగులు ఎనక్కి జరిగిండు. అడివి జంతువును పట్టుకుంటె కేసు, విమానంల పెడ్తె ఇంకో కేసు అన్నరు. నేను మజాక్ చేసిన సార్ అన్న. నిజం చెప్పిన, ఇది ఫ్యాక్టరీ పిల్లి, బోల్టుల డబ్బాల దొరికింది, అందుకే ఆ పేరు అని. అది మాత్రం ఒక్కరు నమ్మలే. అబద్ధాన్ని బుక్కుల రాసుకున్నరు, నిజం చెప్తుంటె చేయి అడ్డం పెట్టిండ్రు. నా అసుంటోనికి గంతకన్న పెద్ద దెబ్బ ఉంటదా చెప్పు. పోయి కుర్సీల కూసున్న.

మహిత కాయితం చూసి, యజమాని సాదుల్లా అని ఉన్నది, ఆయనతోని చెప్పించండి ఇది ఇంటి పిల్లే అని అన్నది. మదీహాకు చేసిన. ఆమె ల్యాబ్‌ల ఉన్నది, నీకెరుకే కద, మందుల ఫ్యాక్టరీల లోపటికి ఫోన్ పోనియ్యరు. అల్లుడు ఇజాజ్‌ది గూడ అదే కథ. ఇగ నువ్వు మిగిలినవ్. నా ఫోన్ నీకు పోదు. ఆ పిల్లనే వాళ్ళ కౌంటర్ ఫోన్ మీదికెల్లి చేసింది, స్పీకర్ పెట్టి. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు.

నువ్వు ఏమన్నవో నీకు యాదికుంటది. నాకు పిల్లి లేదు, లింగం అనేటోడు ఎవ్వడో నాకు తెల్వదు, మళ్ళ చెయ్యొద్దు అన్నవ్. పెట్టేసినవ్.

ఆడపిల్ల గొంతు పెట్టి నేనే ఆడుతున్న అనుకున్నవ్. తప్పు నీది కాదు.

ఇగ ఏం చెయ్యాలె? గప్పుడు నర్సింహమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బ యాదికొచ్చింది. నువ్వు క్యాంటీన్ల మూత మీద చెంచతోని మూడుసార్లు కొడ్తుంటివి కద, టక్, టక్, టక్ అని. కొట్టిన. బోల్టు సంచిలకెల్లి దర్జాగ బయటికొచ్చి, నా చెప్పు మీద ముందు కాళ్ళు పెట్టి కూసున్నది. లైనంత చప్పట్లు. జవాన్ గూడ నవ్విండు. అడివి పిల్లి టిఫిన్ మూతకు వస్తదా అని వాళ్ళ సార్ సంతకం చేసి పంపిండు.

విమానం లేస్తుంటె మన ప్రెస్ మిషన్ మొత్తం కడుపుల పడ్డట్టయింది. బోల్టు ముందు సీటు కింద గమ్మునున్నది. గాలి కోసం కిటికీ జెర తెరువుమంటె తెరవలే. పైకెల్లి చూస్తె మన పొగ గొట్టాలు బీడీ ముక్కల లెక్క ఉన్నయి. పైలట్ సాబ్ బయటికొచ్చి బోల్టును చూసి, ఎన్నేండ్ల సర్వీసు అని అడిగి సలాం చేసిండు.

అహ్మదాబాద్‌ల దిగి మీ గల్లీకి వచ్చిన. కిందికెల్లి చూస్తె నువ్వు బాల్కనీల కూసున్నవ్. దండెం మీద నీ ఖాకీ యూనిఫారం ఉతికి ఆరేసి ఉన్నది. అది చూసినంక నేను మెట్లెక్కలే. సంచి పట్టుకొని ఎనక్కి మర్లిన.

ఇట్లు,
నీ దోస్తు లింగం.

(ఇది పేరు మాత్రమే. సంతకం ఇంకా పెట్టలే.)

మళ్ళ రాస్తున్న: సంతకం పెట్టాలంటె అబద్ధాలు ఏరి పారెయ్యాలె. ఏరుతున్న.

బర్రెల ఫారం అబద్ధం. డాక్టర్ సాబ్ పిల్లి కాయితమే సక్కగ రాసిచ్చిండు. చప్పట్లు అబద్ధం. పైలట్ అబద్ధం. నేను విమానం ఎక్కనే లేదు భాయ్, బోల్టు ఎక్కలే. మేము కుర్సీల కూసునుండంగనే అది పోయింది. మీ గల్లీ నేను చూడలే. నీ యూనిఫారం ఇంకా ఉన్నదో లేదో నాకు తెల్వదు. కండ్లు మూస్తె నాకు అది ఇస్త్రీ చేసి నీ ఒంటి మీద కనవడ్తది, అందుకే రాసిన.

టిఫిన్ మూత కొట్టిన మాట నిజం. అది రాలే. ఆ దెబ్బ నీ చేతిది, నాకు రాదు.

ఇంకోటి పైన రాయలే. ఫోన్ స్పీకర్ల నీ గొంతు వచ్చింది కద. గప్పటిదాక సంచి మూలకు ముడుచుకొని ఉన్న బోల్టు లేచి నిలబడ్డది. మహిత ఫోన్ ఉన్న దిక్కు జాలిని గోకింది. ఆ పిల్ల ఫోన్ సంచి దగ్గరికి జరిపింది. నాకు పిల్లి లేదు అని నువ్వు అంటనే ఉన్నవ్, అది ఆ ఫోన్‌కు చెంప రాసుకుంటనే ఉన్నది. నువ్వు పెట్టేసినంక గూడ దాని చుట్టు తిరిగి అర్సింది. జవాన్ మొకం అటు దిక్కు తిప్పుకున్నడు.

మహిత నాకు చెప్పింది, అంకుల్ నేను నమ్మిన, కాని బుక్కుల రాసినంక యజమాని మాట కావాలె, టికెట్ మారుస్త, మళ్ళ రండి అని. ఈ ఇరవై అయిదు, మంగళవారం.

మదీహా, నేనే అబ్బాకు చెప్త అన్నది. వద్దన్న. బిడ్డ చెప్తె ఎవ్వరైన నమ్ముతరు. నేను చెప్తె నువ్వు నమ్మాలె.

ఇగ నువ్వు నా నంబర్ బంద్ చేసేటట్టు చేసిన ఆ సోమవారం సంగతి. నిన్ను నౌకరిలకెల్లి తీసేసి, నువ్వు బిడ్డ తానికి పోయినంక, ఆఫీసుల రాజశేఖర్ సార్ గొంతు పెట్టి, కంపెనీ మళ్ళ పిలుస్తున్నది, యూనిఫారం తోని రమ్మని నీకు ఫోన్ చేసింది నేనే. ఇరవై రెండేండ్లల నా ఒక్క మజాక్‌కు నువ్వు పడలే. రెండో మాటకే, అరె లింగా నువ్వేనా అంటవ్, నవ్వుదామనుకున్న. నువ్వు జీ సార్, జీ సార్ అన్నవ్. గప్పుడే చెప్పాల్సింది. చెప్పలే. నువ్వు ఒక దినం, ఒక రాత్రి రైల్ల వచ్చి మొదటి షిఫ్ట్‌కు గేట్ కాడ నిలబడ్డవ్. మెట్టు మీద బోల్టు నిన్ను చూసి ఉరికొచ్చింది. నేను క్యాంటీన్ ఎనక దాక్కున్న. అది నా బతుకుల నాకు తగిలిన పెద్ద షాక్, ఎయిర్‌పోర్ట్ కాదు. మాఫ్ చెయ్యుమని అడుగుతలేను.

ఒక్కటే అడుగుతున్న. ఇరవై అయిదో తారీఖు పొద్దుగాల ఎనిమిది దాటినంక అదే నంబర్ మీదికెల్లి ఫోన్ వస్తది. ఎత్తు. నా పేరు తియ్యకు. లింగం ఎవ్వడో తెల్వదు అను, పర్వాలే, నేను ఇని ఊకుంట. పిల్లి మాత్రం నాదే అను.

ఇగో, సంతకం పెడుతున్న.

లింగం