ఖాళీగా ఉంచిన కుర్చీ

ప్రియమైన చిట్టికి,

అక్క ఆశీస్సులు. నువ్వు చేరిన చికిత్సాలయంలో ఫోన్లు తీసి దాచేస్తారని తెలిసింది. మంచిదే. మీ అన్నయ్య రోజూ అటే పనికి వెళ్తాడు కనుక ఉత్తరాలు గేటు దగ్గర ఇచ్చిపోతానన్నాడు.

బాబు సంగతి దాచకుండా రాస్తాను. నిన్నటి నుంచి చేతులూ గడ్డమూ వణుకుతున్నాయి. తుమ్ములు, ఆవలింతలు. ఏడుపు సన్నగా, గాజు మీద మేకుతో గీసినట్టు ఉంటుంది. నర్సులు వాడికి సైరన్ అని పేరు పెట్టారు. కోపం తెచ్చుకోకు, ముద్దుగానే అంటున్నారు. నడుము ఆపరేషన్ తర్వాత నువ్వు మానలేకపోయిన నొప్పి మాత్రలు కడుపులో ఉన్నప్పుడే వాడికీ అలవాటయ్యాయి. ఇప్పుడు అవి అందక ఒళ్ళు అడుగుతోంది. ఇది నీకు తెలిసిందే.

తెలియనిది చెబుతాను. ఇక్కడి పిల్లల డాక్టరమ్మ గట్టిగా మాట్లాడదు. పిల్లలు లేస్తారని గుసగుసలాడీ గుసగుసలాడీ గొంతే అలా అయిపోయిందట. ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఇదివరకు ఇలాంటి పిల్లలకు ఎన్ని తుమ్ములు, ఎంత వణుకు, ఎంత చెమట అని మార్కులు వేసి, మార్కులు ఒక హద్దు దాటగానే మందు చుక్కలు మొదలుపెట్టేవారట. ఆ చుక్కలు మాన్పించడానికి మళ్ళీ వారాలు పట్టేదట. ఇప్పుడు కొన్ని ఆసుపత్రులు కలిసి వేరే పద్ధతి పరీక్షిస్తున్నాయి. మూడే ప్రశ్నలు: సరిగ్గా పాలు తాగాడా, గంటసేపు నిద్రపోయాడా, ఏడిస్తే పది నిమిషాల్లో ఊరుకున్నాడా. అవునంటే మందు లేదు. కాదన్నా ముందు మందు కాదు, మనిషి. లైటు తగ్గించి, గుడ్డలో చుట్టి, ఒంటికి హత్తుకుని కూర్చునే మనిషి. అప్పటికీ కుదరకపోతేనే చుక్కలు.

ఆ మనిషి తల్లయితే అన్నిటికన్నా మంచిదని ఆవిడ అంది. అక్కడ నీకిచ్చే మందు కొలత ప్రకారమే తాగుతున్నావు కనుక నీ పాలు కూడా పట్టవచ్చునట. మళ్ళీ అడిగి రూఢి చేసుకున్నాను. మధ్యాహ్నాలు నిన్ను పంపమని అక్కడివాళ్ళకు రాస్తానంది.

అంతవరకూ నేనున్నాను. పుస్తకాల బైండింగ్ కొట్టు మూసేశాను. గోళ్ళలో బంక పోయేదాకా చేతులు కడిగిస్తే గాని పెద్ద నర్సు లోపలికి రానివ్వలేదు. బెంగపడకు. వాడి గురించి నువ్వు ఆలోచించాల్సిన పని లేదు.

నీ కోసం ప్రార్థిస్తూ,
అక్క

---

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం పదే పదే చదివాను. నా చేతిరాత చూసి భయపడకు, చెయ్యి ఇంకా నిలవడం లేదు. ఇక్కడ పొద్దున్నే చిన్న గ్లాసులో మందు ఇస్తారు. మింగేదాకా ఎదురుగా నిలబడతారు. తర్వాత నోరు తెరిచి చూపించాలి, బడిపిల్లలా. పక్క మంచం ఆవిడ లారీ నడిపేది. నేను దుప్పటి కొట్టువాళ్ళలా పొందిగ్గా మడతపెట్టడం చూసి, "నువ్వు మాత్రలు మింగినదానిలా లేవే, అమ్మినదానిలా ఉన్నావు" అంది. చాలా రోజుల తర్వాత నవ్వాను.

రావాలనే ఉంది. ఇంకా బయటికి పంపడం లేదు. డాక్టరమ్మ రాసింది వీళ్ళకు చేరి ఉండదు.

నిజానికి పంపినా వచ్చి ఏం చేస్తాను? వాడి ఒంట్లో ఆ వణుకు పెట్టింది నేనే. వణుకు పెట్టిన చేతులతోనే ఎత్తుకుని ఊరుకోమంటే ఊరుకుంటాడా? నీ చేతుల్లో ఉన్నాడంటే నాకు ధీమా. అమ్మ పోయినప్పుడు నన్ను ఊరుకోబెట్టినవి ఆ చేతులే కదా. అప్పటికి నాకు పళ్ళు కూడా రాలేదని నువ్వే చెప్పేదానివి.

పాలు పిండి పారబోస్తున్నాను. వాడికి పనికొస్తాయంటే నమ్మకం కుదరడం లేదు.

వాడి చెవులు ఎవరివి?

నీ చెల్లి,
చిట్టి

---

ప్రియమైన చిట్టికి,

చెవులు నీవే. ఎడమది కొంచెం మడత.

శుభవార్త. నిన్న వాడు గంట దాటి నిద్రపోయాడు, నా గుండె మీద. కాలు తిమ్మిరెక్కినా నేను కదలలేదు. మనసులో ప్రార్థన చేసుకుంటూ కూర్చుంటే నా ఊపిరితో పాటే వాడి ఊపిరీ నెమ్మదిస్తుంది. పాలు కూడా కక్కకుండా తాగుతున్నాడు. మూడు ప్రశ్నలకీ అవునని రాసుకుని పెద్ద నర్సు, "మా దగ్గర ఉద్యోగంలో చేరిపోండి, జీతం మాత్రం అడక్కండి" అంది. ఇంతవరకూ మందు చుక్క ఒక్కటీ పడలేదు. ఇలాగే సాగితే మందు అవసరం లేకుండా ఇంటికి వెళ్ళిన పిల్లల్లో మనవాడూ ఉంటాడు. నాకు కాస్త గర్వంగానే ఉంది. దేవుడు క్షమించాలి.

కొత్తగా వచ్చిన ఆయా నన్ను "బాబు వాళ్ళమ్మా" అని పిలిచింది. ఈ వయసులోనా అని నర్సులు నవ్వారు. నేను వెంటనే సరిదిద్దలేదు. అది నీకు చెప్పాలనిపించింది.

సంక్షేమ శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. బాబు ఇక్కణ్ణుంచి ఎవరింటికి వెళ్తాడో తేల్చాలట. తల్లి ఒక్కసారైనా వచ్చి చూడలేదేమని అడిగింది. నువ్వు చికిత్సలో ఉన్నావని, ఓడ మీద పనికి వెళ్ళిన మీ ఆయన దిగి రావడానికి ఇంకా చాలా రోజులు పడుతుందని చెప్పాను. అయితే మీరు తీసుకుంటారా అంది. నా ఇంట్లో గది ఉంది. చేతులూ ఉన్నాయి. చెల్లిని అడిగి చెబుతానన్నాను. నువ్వేమంటావు?

బెంగ వద్దు. ఇక్కడంతా నేను చూసుకుంటున్నాను.

ప్రార్థనలతో,
అక్క

---

అక్కా,

తీసుకో. ఎక్కడ సంతకం పెట్టాలో అన్నయ్యతో పంపు.

బయటికి పంపడం లేదని రాశాను. అబద్ధం. పంపుతున్నారు. బుధవారం నేను వచ్చాను. వార్డు తలుపుకున్న అద్దంలోంచి చూశాను. నువ్వు కిటికీ పక్క కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నావు. పెదవులు కదులుతున్నాయి. వాడు నీ మెడ కింద ముఖం పెట్టుకుని నిద్రపోతున్నాడు. సైరన్ లేదు, వణుకు లేదు. అక్కడ నాకు చోటెక్కడుంది? తలుపు తోస్తే ఆ నెమ్మది కాస్తా చెడిపోతుందనిపించింది.

కాపలా అతను అడిగాడు, "ఆ బాబుకి మీరేమవుతారమ్మా?"

"పిన్నిని" అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చెప్పలేను. తిరిగి వస్తుంటే బస్సులో ఏడుపు కూడా రాలేదు.

నిన్ను తప్పు పట్టడం లేదక్కా. నాకు జడ అల్లుకోవడం వచ్చేలోపే నువ్వు అల్లేసేదానివి. లెక్క తప్పిందని నాకు తెలిసేలోపే దిద్దేసేదానివి. నా బతుకులో నీ చెయ్యి పడకుండా నా అంతట నేను చేసిన పని ఆ మాత్రలు మింగడం ఒక్కటే. వాడు నీ దగ్గరే బాగుంటాడు. నేను బాగుపడ్డాక వచ్చి చూసి పోతుంటాను.

చిట్టి

---

చిట్టికి,

నీ ఉత్తరం అందిన రోజు ప్రార్థనకు కూర్చుని, మాటలు దొరక్క లేచాను.

మర్నాడు డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆవిడ బాబు చార్టు మూసి పక్కన పెట్టింది. తర్వాత, "ఇతను మీ దగ్గర ఊరుకుంటున్నాడు, సంతోషమే. కాని ఇంటికి వెళ్ళాక ఊరుకోబెట్టాల్సింది వాళ్ళమ్మ. ఆమె నేర్చుకోవాలంటే కుర్చీ ఖాళీ ఉండాలి. మీరు లేవడం లేదు" అంది. గుసగుసగానే అంది. అయినా వార్డంతా విన్నట్టే అనిపించింది.

సంక్షేమ శాఖ ఆవిడకు నా వల్ల కాదని చెప్పాను. ఇష్టం లేక కాదు. నిద్రలో వాడి అరచెయ్యి నా మెడ మీద పడినప్పుడల్లా వీణ్ణి ఎవరికీ ఇవ్వకూడదనే అనిపించేది. అందుకే చెప్పాను. ఇంకొన్నాళ్ళు ఆగితే చెప్పలేను.

రేపటి నుంచి నేను ఆసుపత్రికి వెళ్ళను. పొద్దునా రాత్రీ మీ వదిన కూర్చుంటుంది. మధ్యాహ్నం మాత్రం ఆ కుర్చీ ఖాళీగా ఉంచమని పెద్ద నర్సుతో చెప్పాను. వేరే ఎవరైనా కూర్చుంటామంటే ఏం చెయ్యమంటారని అడిగింది. కూర్చోనివ్వద్దన్నాను. "పెద్దమ్మ అనుకున్నాను, అత్తగారిలా ఉన్నారే" అని గొణుక్కుంది. ఆమెకు చూసుకోవాల్సిన పిల్లలు ఇంకా ఉన్నారు. వీలున్నంతసేపు ఎత్తుకుంటుంది. వీలుకానప్పుడు వాడు ఏడుస్తాడు. ఊరుకోకపోతే చుక్కలు వేస్తారు. అవసరమైన బిడ్డకు మందు వెయ్యడం తప్పేమీ కాదని డాక్టరమ్మ అంది. నిన్ను బెదిరించడానికి ఇది రాయడం లేదు. జరగబోయేది నీకు తెలియాలి.

నువ్వు వచ్చావో లేదో చూడ్డానికి రాను. ఎవరినీ అడగను. ఇన్నేళ్ళూ నీ కోసం బలం ఇమ్మని అడిగేదాన్ని. ఇవాళ ఇంట్లో కూర్చోగలిగే బలం నాకు ఇమ్మని అడిగాను.

పాలు పారబొయ్యకు.

అక్క

---

అక్కా,

ఇది నా చేతిరాత కాదని నీకు తెలిసిపోయి ఉంటుంది. నేను చెబుతుంటే పెద్ద నర్సు రాస్తోంది. (రాస్తున్నాను గాని నా భోజనం చల్లారిపోతోంది. ఇట్లు, పెద్ద నర్సు.) నా రెండు చేతులూ ఖాళీగా లేవు. ఇన్నాళ్ళు జవాబు రాయకపోవడానికీ అదే కారణం.

వరసగా చెబుతాను. నీ ఉత్తరం చూసి ముందు కోపం వచ్చింది. పసివాణ్ణి ఏడిపించి నన్ను రప్పిస్తావా అనుకున్నాను. లారీ ఆవిడకు చదివి వినిపించాను, నా పక్షాన మాట్లాడుతుందని. ఆవిడ నా చెప్పులు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. బస్టాపు దాకా వచ్చి వెనక్కి పోయాను. ఆ రోజే వాడికి మొదటిసారి చుక్కలు పడ్డాయి. నువ్వు అన్ని రోజులు పడకుండా కాపాడినవి నా వల్ల పడ్డాయి. ఈ మాట ఈవిడ రాయనంటోంది. రాయమన్నాను. (రాశాను. చుక్కలు పడినంత మాత్రాన కొంపేమీ మునగలేదు.)

మర్నాడు వచ్చాను. కుర్చీ నిజంగానే ఖాళీగా ఉంది. వాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నీ దగ్గర ఉన్నట్టే నా దగ్గరా ఉంటాడనుకున్నాను. వాడు విల్లులా వెనక్కి విరుచుకుని ఏడ్చాడు. ఎలా పట్టుకున్నా తప్పే. నాకు నీలా ప్రార్థన చేసుకోవడం రాదు, పాట రాదు. చివరికి బస్సు ఆగే చోట్లు వరసగా చెప్పుకుంటూ కూర్చున్నాను. వాడు ఊరుకోలేదు. మళ్ళీ చుక్కలు వేశారు. నీకు కబురు పెట్టమని నోటిదాకా వచ్చింది. డాక్టరమ్మ నా కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, "ఇవాళ మీ పని ఊరుకోబెట్టడం కాదు. కూర్చోవడం" అంది.

కూర్చున్నాను. ఆ రోజు, తర్వాతి రోజు, ఆ తర్వాత కూడా.

పరిశోధనలో మనవాణ్ణి మందు పడిన పిల్లల్లో లెక్కవేస్తారట. మందు లేకుండా ఇంటికి వెళ్ళిన పిల్లల్లో వాణ్ణి చూడాలని నువ్వెంత ఆశపడ్డావో నాకు తెలుసు. ఆ గర్వం నీకు దక్కకుండా చేశాను. డాక్టరమ్మను అడిగాను, మా వల్ల మీ లెక్క చెడిపోయిందా అని. కోరుకున్నట్టు జరిగిన పిల్లల్నే లెక్కపెడితే అది పరిశోధన ఎలా అవుతుందంది. ఇతని వల్ల కూడా ఏదో తెలుస్తుందంది. ఏం తెలుస్తుందో ఆవిడకే ఎరుక. నాకు తెలిసింది మాత్రం ఒకటుంది. వాడికి ఎడమ భుజం మీదే నిద్ర పడుతుంది, నడుస్తూ ఉంటే పట్టదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

చుక్కలు తగ్గిస్తూ వస్తున్నారు. నిన్నటి నుంచి లేవు. నా పాలే తాగుతున్నాడు. సంక్షేమ శాఖ ఆవిడ వచ్చి, కదలకుండా చాలాసేపు చూసింది. నేను రోజూ నా మందు మానకుండా తాగాలి, వారం వారం ఒక నర్సు ఇంటికి వచ్చి చూసిపోవాలి, ఆ షరతుల మీద వాణ్ణి నా ఇంటికి పంపుతామంది. చికిత్సాలయం వాళ్ళూ ఒప్పుకున్నారు, సోమవారం వెళ్తాం.

నువ్వు వచ్చి మాతో కొన్నాళ్ళుండు. కొట్టు తెరిచి ఉంటే సాయంత్రాలైనా రా. నిన్ను ఆపినవాళ్ళెవరూ లేరు, నువ్వే రాకుండా ఉన్నావు. వదిన చెప్పింది, అడగాలని నోటిదాకా వచ్చినా నువ్వు ఒక్కమాట అడగలేదట.

వచ్చి వాణ్ణి తనివితీరా ఎత్తుకో. ఏడిస్తే మాత్రం నాకిచ్చెయ్యి.

ప్రేమతో,
చిట్టి