పాట అయ్యేదాకా ఎత్తని ఫోను

ఆళ్లగడ్డ,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు ఓబులేసుకు,

పెద్దక్క దీవెనలు. నిన్న నువ్వు ఫోను చేస్తే నేను కావాలనే ఎత్తలేదనుకుంటావేమోనని ఈ నాలుగు మాటలు రాస్తాండాను. తిరిగి చేస్తే నువ్వు ఎత్తడం లేదు.

నంద్యాలలో కండ్ల డాక్టరుకు చూపించుకొని బస్సులో వస్తాంటిని. నా ఫోను మోగితే నరసింహస్వామి పాట వస్తుంది కదా. స్వామి పాటను మధ్యలో తుంచకూడదని, అది అయ్యేదాకా కండ్లు మూసుకొని దండం పెట్టుకోవడం నా అలవాటు. నిన్నా అదే చేసినాను. పక్కసీటులో పసిబిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. "ఏందమ్మా, బస్సును గుడి చేస్తివి! ఫోనన్నా ఎత్తు, దాని నోరన్నా మూయించు" అని కండక్టరు అరిచినాడు. కండ్లు తెరిచి చూస్తే నీ పేరు. అంతలోనే ఆగిపోయింది.

మా పాప పెళ్లిలో నిన్ను పీటల దగ్గరికి పిలవడం మరిచినామని అలిగి పోయినాక, నువ్వు చేసిన మొదటి ఫోను అది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ పసిబిడ్డ తల్లే నా ఫోను తీసుకొని, "స్వామి ఇంట్లో ఉంటాడులే పెద్దమ్మా" అంటూ మామూలు గంట పెట్టిచ్చింది.

మళ్లా ఒక్కసారి చెయ్యి నాయనా. బస్సులో ఉంటే మెల్లగా మాట్లాడతా. పూజలో ఉంటే హారతి పక్కన పెట్టి ఎత్తుతా.

నీ పెద్దక్క