జాజికాయ దర్శనం

కన్నమ్మా, ప్రభువు నీ గడపను కాయాలి.

ఉపవాసమని ఫోను ఆపేశావు, అందుకే అప్పయమ్మ చేత ఈ కాగితం పంపుతున్నాను. పొద్దున ప్రార్థనలో "దేవదూతలు కనబడతన్నారు మావయ్యా!" అని మన చెల్లి కొడుకు సుభాష్ ఎర్రటి కళ్లతో అరిస్తే క్యాంపంతా హల్లెలూయ అంది. ఆత్మలను పరీక్షించమన్న వాక్యం ఒక్కరికీ గుర్తు రాలేదు! వాడి మీదికి దిగింది ఆత్మ కాదమ్మా, సరదాకి పాలలో చెంచాలకొద్దీ కలుపుకు తాగిన జాజికాయ పొడి. ఇప్పుడు నాలుక పిడచకట్టి, గుండె అదురుతూ ఆసుపత్రిలో ఉన్నాడు. తనకూ దర్శనం కావాలని నీ మేఘన అడిగితే, నిన్న ఆ పొడి డబ్బా ఇచ్చాడట.

ప్రార్థన ఆపి, పిల్లను వెంటనే ఈ ఆసుపత్రికి తీసుకురా. "నాకేటీ అవలేదమ్మా" అంటే నమ్మకు, ఆ పొడి గంటల తర్వాత గాని తలకెక్కదు. సుభాష్ కూడా మొదట అదే అనుకుని ఇంకో గ్లాసు కలుపుకున్నాడు.

నీ అన్న