తేటపడని తొట్టి

జూన్ 4, మంగళవారం, పొద్దున

అబ్బాయి నడుము ఎలా ఉందంటే నిన్నటికన్నా నయమేనట. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం వాడిది. ఎక్కడ ఏ తాడు తెగుతుందోనని నా ప్రాణాలు అరచేతిలో ఉంటాయి. కోడలి గొంతు తగ్గింది. రోజంతా ఆ కస్టమర్ కేర్‌లో ఊరందరి తిట్లూ విని సారీలు చెబుతుంటే గొంతు మిగులుతుందా. మనవరాలికి రాత్రి ఆయాసం రాలేదు. అక్కకి ఫోన్ చేశాను, కాళ్ళ వాపు తీసిందట. నాకేం, నేను బాగానే ఉన్నాను.

మనవరాలిని పిచ్చుక అంటాం. కుక్కపిల్ల కావాలని నెలరోజులుగా ఒకటే గోల. బొచ్చు పడదు, ఆయాసం ఎక్కువవుతుందని డాక్టరు ఒప్పుకోలేదు. పోనీ చేపలు తెస్తానని వాళ్ళ నాన్న మాటిచ్చాడు. మాట వాడిది, పగలంతా ఇంట్లో ఉండేది నేను. ఏదైనా చేప చచ్చిపోతే ఆ పిల్ల ముఖం ఎలా చూడను? ఇంకా చేప రానే లేదు, దిగులు మొదలైంది.

జూన్ 9, ఆదివారం

చేపల షాపుకి వెళ్ళాం. నడిపేది ఒకామె. నోరు మూస్తే ఊపిరాడదు అన్నట్టు మాట్లాడుతుంది. పిచ్చుక గోల్డ్ ఫిష్ కావాలంది. అవి పెరిగితే నీ చెయ్యంత అవుతాయి పాపా, తినడం, పాడు చేయడం తప్ప ఇంకో పని తెలీదు, మీ తొట్టి చాలదు అంది చేపలామె. అయితే నీలం తోక ఫైటర్ చేప అంది పిచ్చుక. దానికి ఎదుట ఇంకో అందమైన తోక కనిపిస్తే చాలు, కొరికేదాకా నిద్రపట్టదట. మా పక్క పోర్షన్ ఆవిడ గుర్తొచ్చి నవ్వాపుకున్నాను.

చివరికి ప్లాటీలన్నారు. ఎర్రగా, చిటికెన వేలి సగమంత ఉన్నాయి. మొండి ఘటాలట, కొత్తవాళ్ళ చేతుల్లో కూడా బతుకుతాయట. ఆ ఒక్క మాటకి నేను సరే అన్నాను.

తీరా కొనబోతే ఇవ్వనంది! ముందు తొట్టీ ఇసకా ఫిల్టరూ మొక్కలూ పట్టుకెళ్ళి నీళ్ళు నింపండి, నీళ్ళు తయారయ్యాక రండి అంది. నీళ్ళు తయారవడమేమిటి, ఇదేమైనా వంటా? చేపలు వదిలే విషాన్ని తినే క్రిములు ముందు ఆ నీళ్ళలో పెరగాలట. జన్మంతా ఫినాయిలు పోసి క్రిముల్ని చంపినదాన్ని, ఈ వయసులో పెంచమంటోంది.

జూన్ 10

తొట్టి హాల్లో పెట్టారు. పగిలితే నీళ్ళు ప్లగ్గులోకి పోయి అందరం షాక్ కొట్టి పోతామన్నాను. అబ్బాయి ప్లగ్గుని గోడ పైకి మార్చాడు. గోడ కూలితేనో అని అడగలేదు. అప్పటికే నవ్వుతున్నాడు.

జూన్ 12

ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు మేత వేయాలి. అది కుళ్ళితేనే క్రిములు పుడతాయట. లేని చేపలకి మేత వేసి, తిన్నాయా లేదా అని కాసేపు నిలబడి చూస్తున్నాను. నా పిచ్చి నాకే తెలుస్తోంది.

జూన్ 15, శనివారం

నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. నేనేం చేశానో ఏమో. చేపలామెకి ఫోన్ చేయించాను. కంగారుపడకండి పెద్దమ్మా, కొత్త తొట్టి అంతే, చెయ్యి పెట్టకుండా ఊరుకోండి, దానంతటదే తేటపడుతుంది అంది. ఊరుకోవడమొకటే నాకు చేతకాని పని.

జూన్ 23

నీళ్ళు అద్దంలా ఉన్నాయంటుంది పిచ్చుక. నాకు మాత్రం బియ్యం కడిగిన నీళ్ళలాగే ఉన్నాయి. హాల్లో బల్బు గుడ్డిదైపోయింది, మార్చమన్నాను. మార్చాడు. కొత్తదీ అంతే. ఇప్పుడు వచ్చే వస్తువులే అంత. పేపరు వాళ్ళు కూడా సిరా మిగుల్చుకుంటున్నారు, అక్షరాలు పాలిపోయి ఉంటున్నాయి.

కోడలు మళ్ళీ ఎత్తింది, కళ్ళు చూపించుకుందాం అత్తయ్యా అని. పోయినేడు నుంచీ ఇదే పాట. అక్క కూడా చూపించుకోడానికనే వెళ్ళింది. ఆపరేషన్ అన్నారు. చీము పట్టింది, కన్ను పోయింది. నాకేం తల్లీ, బాగానే ఉన్నాను అన్నాను.

జూన్ 30, ఆదివారం

చేపలొచ్చాయి! అయిదు. తెచ్చిన సంచీ అలాగే తొట్టిలో తేల్చి, రెండు నీళ్ళ చల్లదనం ఒకటయ్యాక వదిలారు. పిచ్చుక అన్నం ముట్టలేదు, అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. నాకు ఎర్రచుక్కలు కదులుతున్నట్టుంది. ముద్దుగానే ఉన్నాయి.

జూలై 3

మూగజీవాలు ఆ మురికిలో ఎలా ఊపిరి పీలుస్తాయి? పిల్ల స్కూలుకి వెళ్ళాక మగ్గుతో ఒక బకెట్టు నీళ్ళు తీసేసి, నిన్న పట్టి ఉంచిన నీళ్ళు పోశాను. వారానికోసారి పావు వంతు మారిస్తే చాలని చేపలామె అన్న మాట నిజమే. ఆమె మా తొట్టి చూసిందా?

జూలై 5

మళ్ళీ మార్చాను. తేటపడలేదు.

జూలై 8

మళ్ళీ.

జూలై 9, మంగళవారం

ఒక చేప అడుగున ఇసక మీద కూర్చుందని పిచ్చుక బిక్కముఖం వేసింది. రోజూ నీళ్ళు మారిస్తే వాటికి బెదురని వాళ్ళ నాన్నతో అంటోంది, నేను మారుస్తున్నానని దానికి తెలీదు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. మార్చకపోతే మురికితో, మారిస్తే బెదురుతో పోతాయి. ఎటూ పాలుపోవడం లేదు.

జూలై 17, బుధవారం, సాయంత్రం

పిచ్చుక కేక విని గ్యాస్ కట్టేయకుండా పరిగెత్తాను. చేప పిల్లల్ని పెట్టిందట! ఈ ప్లాటీలు గుడ్లు పెట్టవట. మొక్కల మూల దాక్కున్నాయట, వెంట్రుక ముక్కలంత ఉన్నాయట, కళ్ళు మాత్రం పెద్దవట. పదకొండు లెక్కపెట్టింది. చూశావా నానమ్మా అంది. చూశానే, బంగారు కొండలు అన్నాను.

చూడలేదు. ఆకులే కనిపించాయి. ఆకులైనా అవునో కాదో.

జూలై 18, గురువారం

వరసలు వంకరపోతున్నాయి. అయినా రాస్తాను.

పురిటిపిల్లలు మురికినీళ్ళలో ఉంటే ఏమవుతారోనని నాకు కాలు నిలవలేదు. పిల్ల స్కూలుకి వెళ్ళగానే మగ్గు తీసుకుని, ఆ మూలే ఎక్కువ మసకగా ఉందని అక్కడే ముంచి ముంచి బకెట్టు నిండా తీశాను. చేపల నీళ్ళు కుండీలకి మంచివని, ఎండ తగ్గాక పోద్దామని బాల్కనీలో పెట్టాను.

పిచ్చుక వచ్చి చూసింది. నాలుగే ఉన్నాయట. పెద్ద చేపలు తినేశాయంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. దాని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ చేపల మీదికి నింద పోతుంటే ఉండలేకపోయాను. నీళ్ళు నేనే మార్చానే, మురికిగా ఉంటేనూ అన్నాను.

కోడలు అప్పుడే వచ్చి చెప్పులైనా విప్పలేదు. పిల్లకి పీల్చే మందు ఇచ్చి, కుదుటపడ్డాక నా పక్కన వచ్చి కూర్చుంది. అరవలేదు. ఆ నాలుగు పిల్లలూ ఎక్కడున్నాయో చూపించండత్తయ్యా అంది. నేను వేలు పెట్టి చూపించాను. పిచ్చుక ఏడుపు ఆపి నా ముఖంలోకి చూసింది. అది ఫిల్టరు నానమ్మా అంది.

నీళ్ళెప్పుడో తేటపడ్డాయి అత్తయ్యా అంది కోడలు, నా చెయ్యి పట్టుకుని.

అప్పుడు గుర్తొచ్చింది బకెట్టు. ముగ్గురం బాల్కనీలోకి ఉరికాం. పిచ్చుక ఫోన్ లైటు పట్టుకుని బకెట్టులో తల దూర్చినంత పని చేసింది. ఒకటుంది అంది. రెండు. అమ్మా కదలకు, ఇంకోటి. ఏడూ దొరికాయి. కప్పుతో పట్టి తొట్టిలో వదిలింది. ఎండ ఇంకాస్త ముందు తగ్గి ఉంటే వాటిని కుండీలో పోసి ఉండేదాన్ని.

జూలై 19

అక్కతో అంతా చెప్పాను. నీ కన్ను పోయిందిగా, నాకూ పోతే ఎలాగే అన్నాను. ఓసి పిచ్చిదానా, రెండో కంటికీ ఆపరేషన్ అయిందిగా, దానితోనేగా ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తున్నాను అంది. అవును, అయింది. హాస్పిటల్‌కి నేనే టిఫిన్ క్యారియర్ పట్టుకెళ్ళాను. చెడిందే గుర్తుపెట్టుకున్నాను, బాగైంది మర్చిపోయాను. నీ బుద్ధే అంత అని నవ్వింది అక్క. నేనూ నవ్వాను. భయం మాత్రం పోలేదు.

జూలై 21, ఆదివారం

అబ్బాయి నడుము బాగుంది. కోడలి గొంతు బాగుంది. పిచ్చుకకి ఆయాసం లేదు. అక్క కులాసా. పెద్ద చేపలు అయిదూ, పిల్లలు పదకొండూ తింటున్నాయట, పిచ్చుక చెప్పింది. మగ్గు దాచేసింది. నాకేం అని రాయబోయి ఆగాను.

కళ్ళ డాక్టరు దగ్గరికి బుధవారం, ఇరవై నాలుగో తేదీ, పదింటికి.