దొరగారి తద్దినం

యాంగోన్,
ఆదివారం.

అమ్మకు సరోజ నమస్కరించి రాయునది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? తమ్ముడు వేళకి ఇంటికొస్తున్నాడా? నా గురించి బెంగ పెట్టుకోకు, రెండు పూటలా తింటున్నాను. ఇక్కడ వాన పట్టిందంటే వదలదు, తన్లిన్ వంతెన మీద బస్సు ఎప్పటికి కదులుతుందో తెలియదు. చేపల పులుసులో సేమ్యా వేసిచ్చే మొహింగా అలవాటైంది గానీ, ఇంగువ వాసన లేక ప్రాణం ఉసూరుమంటోంది. ఎవరైనా వస్తుంటే ఒక డబ్బా పంపు.

మా బడి యజమాని బయట బర్మా పేరుతో ఊ తాన్ నాయింగ్, ఇంట్లో అప్పన్న. తండ్రి రామన్న మన వైపు నుంచే వచ్చి ఇక్కడి సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఆ మాటెత్తితే ఈయన మొహం మాడిపోతుంది. కొడుక్కి ఇంగ్లండులో ఓ పాతకాలపు కాలేజీలో సీటొచ్చాక మరీ నేల మీద నిలవడం లేదు. అక్కడ కాలేజీ పెట్టినాయన పేరున ఏటా పండగ చేస్తారట, ఇక్కడా చెయ్యాలట. ఆయనెవరో బిషప్పు, బొమ్మ గోడకెక్కించి ఇంత లావు దండ వేశాడు. పండగకొచ్చే మనవాళ్లకి ఆ కాలేజీ కథ తెలుగులో చెప్పే పని నాకు పెట్టాడు. బాగా చెబితేనే నా ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగిస్తానన్నాడు.

పండగనాడు చదివినదే చెప్పాను. బిషప్పుకి పెళ్లీ పిల్లలూ లేరు. భూములు రాసిచ్చి, పేద కుర్రాళ్లు అక్కడుండి చదువుకోవాలనీ, ఏటా తన ఆత్మ కోసం ప్రార్థించాలనీ కట్టడి చేశాడు. ఇప్పటికీ ఆయన పేరు తలుచుకుని విందు చేస్తారు. ఆ విందులో ఇప్పుడు కూచునేది అప్పన్న సుపుత్రుడిలాంటి వాళ్లే, ఆ ముక్క పైకి అనలేదులే. ఆత్మకి ప్రార్థనంటే పెద్దవాళ్లు తెల్లమొహాలు వేశారు. అందుకని తద్దినమన్నాను.

ముందు వరసలో ఉన్న అప్పన్న తల్లి లేచి నిలబడింది.

"ఆ దొరకి పిల్లల్లేక పరాయోళ్ల సేత పెట్టించుకున్నాడు. మీ బాబుకి నువ్వున్నావు గదరా. ఈయేలే ఆయన తిథి. ఏటి సేసినావు?"

అప్పన్న మైకు కట్టెయ్యమని సైగ చేసి, బిషప్పు దండ సర్దాడు. కోటు తొడుక్కోడానికి తీరికుంది, కన్నతండ్రికి ముద్ద పెట్టడానికి లేదు. ఛీ అనిపించింది.

సాయంత్రం పిలిచి, పరువు తీశావు, నెలాఖరుకి వెళ్లిపొమ్మన్నాడు. ఉంటే కదా తియ్యడానికి! ఏడుపొచ్చింది గానీ ఆయన ముందు ఏడవలేదు. నువ్వు కంగారు పడకు, అక్కడికే వచ్చి ఏదో ఒక బడి చూసుకుంటాను.

నిన్న పెద్దావిడ నా గదికొచ్చింది. రామన్న పేరున మన వంశధారలో నీళ్లు వదిలిస్తావా అని చేతులు పట్టుకుని అడిగింది. గోత్రం ఆవిడకీ తెలియదు. "పేరు సెప్తే సాలదేటమ్మా?" అంది. చాలునన్నాను.

పెద్దలందరికీ నా దండాలు. క్షేమంగా ఇల్లు చేరాలని దీవించు. ఈ ఉత్తరం అందగానే తమ్ముణ్ని ఏటికి పంపు. రామన్నకి కొడుకులు లేరా, నువ్వెందుకని పంతులుగారు అడిగితే, కొడుకు లేడని చెప్పమను.

ఇట్లు,
నీ సరోజ