కుడి సీటు

చిరంజీవి సంతోష్‌రావుకు,

"మస్టాంగ్ కారు నాకన్న ఇయ్యుండ్రి, లేకుంటే అమ్మెయ్యుండ్రి బావా, షెడ్డుల పెట్టి తుప్పు వట్టిస్తున్నరు" అని రాశావు. బండికేమీ కాలేదు. ప్రతి ఆదివారం ఇంజిన్ ఆడిస్తున్నాను. ఎలుకలు వైర్లు కొరకకుండా కలరా ఉండలు పెడుతున్నాను. అమెరికా నుంచి ఫ్యాన్ బెల్టు రావడానికి నాలుగు నెలలు పట్టింది, అదీ బిగించాను. అలసిపోయింది నేను.

దాని స్టీరింగ్ ఎడమ వైపు కదా. ముందు లారీ ఉంటే ఎదురుగా వచ్చేది నాకు కనబడదు. కుడి సీట్లోంచి మీ అక్క దేవకి తల బయటపెట్టి చూసి "జర ఆగుండ్రి, బస్సొస్తుంది" అనేది, కాసేపటికి "ఇగ పోనియ్యుండ్రి" అనేది. ముప్ఫై ఏళ్లు ఆమె చూస్తే నేను దాటాను. నాకు డ్రైవింగ్ బాగా వచ్చని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఆమె చనిపోయాక ఒక్కసారే బండి బయటికి తీశాను. కరీంనగర్ నుంచి హుజూరాబాద్ దాకా ఒక పత్తి లారీ వెనకే వచ్చాను. అది దాబా దగ్గర ఆగితే నేనూ ఆగాను. డ్రైవర్ దిగి వచ్చి "గింత ఇంజినున్న బండి, నా ఎన్కనే ఎందుకొస్తున్నవ్ సారూ?" అని అడిగాడు. చాయ్ తాగుతావా అన్నాను.

బండి నువ్వే తీసుకుపో. ధర మాటెత్తకు. కానీ ఒక్కడివే రాకు, ఆమనితో కలిసి ఆలుమగలిద్దరూ రండి. ఆమెను కుడి సీట్లో కూర్చోబెట్టు. ఆగమంటే ఆగు.

మీ బావ