ఏటవాలు బల్ల

నాచారం,
జూలై 2011

ఒకప్పటి మిత్రుడు ఉమాపతికి,

ఏటవాలు బల్ల చేయించి పంపుతానన్నావు, గుర్తుందా? నువ్వు ప్రెస్సు పెట్టిన కొత్తల్లో, ప్రూఫులు ఇంటికి మోసుకెళ్లి నేలమీద కూర్చుని దిద్దుతున్నానని తెలిసి, "దసరాకల్లా నీ ఇంట్లో ఉంటుందిరా త్రిమూర్తులూ" అన్నావు. ఆ దసరా రానేలేదు. నేనూ మళ్లీ అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు. అదే నీకు కలిసొచ్చింది.

తెలుగు ప్రూఫు దిద్దేవాడి మెడ ఎలా అరుగుతుందో యజమానికెందుకు తెలుస్తుంది? మన ఒత్తులన్నీ అక్షరం కిందే ఉంటాయి. విరిగిన ఒత్తుకోసం వంగి వంగి, మెడపూసల మధ్య డిస్కులు అరిగి నరాన్ని నొక్కుతున్నాయట. కుడి భుజం సలుపు, బొటనవేలు మొద్దు. మెడకు పట్టీ, తలకింద పల్చటి దిండు, పొద్దున్నే గడ్డం వెనక్కి లాక్కునే కసరత్తు. ఆ కసరత్తు నేర్పే స్వర్ణలత, "తాతా, పుస్తకం కాడికి నువ్వు పోకు, పుస్తకాన్నే నీ కాడికి రానియ్యి" అంటుంది. ఇన్నేళ్లూ నేనే పోయానమ్మా అన్నాను. "గందుకే గిట్లయింది" అని నవ్వింది.

ఇప్పుడు ప్రెస్సు వార్షికోత్సవంలో నాకు సన్మానమా? నీ కార్డులో ఒత్తు మారి అది 'సన్నానం' అయింది. వంగి చూసేవాడు లేడుగా. నీ దండకోసం వంగే మెడా లేదు. రాను.

నీ పాత ప్రూఫ్ రీడర్,
త్రిమూర్తులు

---

నాచారం,
ఆగస్టు 2011

మిత్రమా ఉమాపతీ,

నిన్న ఉప్పల్ ఆసుపత్రిలో మెడకు బరువు కట్టించుకుని పడుకున్నాను. పక్క మంచంమీద, నీ ప్రెస్సులో చెక్కపని చేసిన వడ్రంగి బుచ్చిరాములు. భుజం పట్టేసిందట. నన్ను చూసి, "గా బల్ల ఉంచుకుంటే గిట్ల గాకపోతుండె గద సారూ" అన్నాడు.

"ఏ బల్ల?" అన్నాను.

"ఉమాపతి సారు జేపిచ్చిండు. మీ ఇంటికి నేనే తెచ్చిన. మీరు లేరు. అమ్మ వాపస్ పంపింది. గీ బల్ల గూడ వస్తే ఆయన ఇగ ప్రూఫులల్లనే ఉంటడు, నా మొహం సూడడు, తీస్కపో అన్నది. సారుకేమో మీరే వద్దన్నరని చెప్పుమన్నది."

నేనే తిప్పి పంపానని నువ్వు ముభావంగా ఉండిపోయావు. మాట తప్పావని నేను నిన్ను రోజూ తిట్టుకున్నాను. ఆ తిట్లు వింటూనే నా ఇల్లాలు ఉప్పుమూట వేడిచేసి ఈ భుజానికి కాపడం పెట్టేది. పోయేదాకా పెట్టింది. పోయేదాకా చెప్పలేదు.

సభకు వస్తాను. దండ మెడలో వేయకు, చేతికివ్వు. నీమీద కోపం పోయింది. ఎవరిమీదా లేదని మాత్రం రాయలేను. దిండు సర్దుకున్నప్పుడల్లా నేనింకా నిందించే పేరు ఒకటే ఉంది, నా ఇల్లాలిది. కనకమహాలక్ష్మి.

నీ
త్రిమూర్తులు